డాట్సన్ 240జెడ్‌కి పాతకాలపు అలాయ్ చక్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా వచ్చి, బయటి దేశాల్లో డాట్సన్ 240జెడ్‌గా అమ్ముడైన కారు ఇది. ఫ్యాక్టరీ నుంచి 14 అంగుళాల ఉక్కు రిమ్ములతో వచ్చేది. వాటి వెడల్పు నాలుగున్నర అంగుళాలే. ఆరు సిలిండర్ల స్పోర్ట్స్ కారు కింద అవి సన్నగా, పీలగా కనిపిస్తాయి. అందుకే ఎనిమిది ఆకుల వతనాబే, నాలుగు ఆకుల లిబ్రే, పానాస్పోర్ట్, స్లాట్ మ్యాగ్‌ల వంటి ఆ కాలపు చక్రాల కోసం ఇప్పటికీ వెతుకుతారు. దొరకడం ఒక ఎత్తు, వాటిని ప్రమాదం లేకుండా బిగించడం మరో ఎత్తు. ఈ పేజీ ఆ రెండోదాని గురించి.

చక్రం ఈ కారుకు సరిపోతుందో లేదో ఏ కొలతలు చెప్తాయి?

నాలుగు స్టడ్‌లు, అంటే నట్లు ఎక్కే మర కడ్డీలు, 114.3 మి.మీ. వ్యాసం ఉన్న వృత్తం మీద ఉంటాయి. పాత అమెరికన్ చక్రాల మీద ఇదే కొలత నాలుగున్నర అంగుళాలని రాసి ఉంటుంది, రెండూ ఒకటే. స్టడ్ మర 12 మి.మీ., పిచ్ (ఒక మర చుట్టు నుంచి పక్క చుట్టుకు దూరం) 1.25 మి.మీ. చక్రం ఆనే హబ్ మధ్యభాగం సుమారు 73 మి.మీ. ఉంటుంది కాబట్టి చక్రం నడుమ రంధ్రం అంతకంటే చిన్నది కాకూడదు. ముందు హబ్‌కి గ్రీజు మూత బయటికి పొడుచుకుని ఉంటుంది. చక్రం మధ్యలో మూసుకుపోయిన డిజైన్ అయితే ఆ మూత దానికి తగులుతుందేమో విడిగా చూసుకోవాలి.

చక్రంలో నాలుగు రంధ్రాలుంటే ఎదురెదురు రంధ్రాల మధ్య దూరాన్ని వెర్నియర్‌తో నేరుగా కొలవచ్చు. ఒక రంధ్రం బయటి అంచు నుంచి ఎదురు రంధ్రం లోపలి అంచు దాకా కొలిస్తే చాలు. 108 లేదా 110 వస్తే ఆ చక్రం వేరే కారుది. రంధ్రాలను ఆకురాయితో సాగదీసి ఎక్కించే పని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోవద్దు.

పాత చక్రం మీద ఆఫ్‌సెట్ అంకె లేదు. ఎలా తెలుసుకోవాలి?

చక్రం వెడల్పు నడిమధ్య నుంచి హబ్‌కి ఆనుకునే ముఖం ఎంత దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. ఆ ముఖం బయటివైపుంటే ప్లస్, లోపలివైపుంటే మైనస్. టైరు లేని చక్రాన్ని ముఖం నేలవైపు పెట్టి బోర్లించండి. లోపలి అంచు మీద ఒక తిన్నని పట్టీని అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి హబ్‌కి ఆనుకునే ముఖం దాకా లోతు కొలవండి. దీన్ని బ్యాక్‌స్పేస్ అంటారు. తర్వాత చక్రం మొత్తం వెడల్పును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కొలిచి సగం చేయండి. బ్యాక్‌స్పేస్‌లోంచి ఆ సగాన్ని తీసేస్తే మిగిలేది ఆఫ్‌సెట్.

ఉదాహరణకు అంచు నుంచి అంచుకు 178 మి.మీ., బ్యాక్‌స్పేస్ 100 మి.మీ. అనుకోండి. 178లో సగం 89, కాబట్టి ఆఫ్‌సెట్ ప్లస్ 11. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. రిమ్ము మీద 6 అంగుళాలని రాసి ఉంటే అది టైరు కూర్చునే చోట్ల మధ్య వెడల్పు మాత్రమే. అంచులతో కలిపితే మరో అంగుళం దాకా ఎక్కువ వస్తుంది. ఆ అంగుళాన్ని మరిచిపోతే లెక్క 12 మి.మీ. పైగా తప్పుతుంది. ఈ కారులో అంత తేడా వస్తే టైరు లోపలివైపున్న స్ట్రట్‌కు (స్ప్రింగునూ షాక్ అబ్జార్బర్‌నూ మోసే నిలువు గొట్టానికి) తగలొచ్చు.

ఎంత వెడల్పు, ఏ ఆఫ్‌సెట్ మంచిది?

బాడీకి కత్తెర పెట్టకుండా, సస్పెన్షన్ మార్చకుండా వాడాలంటే 14 అంగుళాల 6 వెడల్పు చక్రం అన్నిటికన్నా నిశ్చింత. 15 అంగుళాల 7 వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్ కూడా ఈ కారు మీద బాగా నడిచే కొలతే. చూడ్డానికి నిండుగా ఉంటుంది, లోపల స్ట్రట్‌కు తగలదు. 7 వెడల్పులో మైనస్ ఆఫ్‌సెట్‌కు వెళ్తే వెనక మడ్‌గార్డు అంచుతో గొడవ మొదలవుతుంది.

ఆఫ్‌సెట్ తగ్గే కొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ బరువెక్కుతుంది, గుంతలో పడ్డప్పుడు చేతికి కుదుపు ఎక్కువ తెలుస్తుంది, బయటి బేరింగ్ మీద భారం పెరుగుతుంది. పవర్ స్టీరింగ్ లేని కారు ఇది. ఆ బరువు రోజూ చేతులకు తెలుస్తుంది.

ఏ టైర్లు వేయాలి? స్పీడోమీటర్ తప్పు చూపిస్తుందా?

అసలు టైరు 175 వెడల్పు, 14 అంగుళాలది. దాని మొత్తం ఎత్తు సుమారు 634 మి.మీ. ఆ ఎత్తుకు దగ్గరగా ఉండేవి ఇవి:

195/70ఆర్14 – 629 మి.మీ.
205/60ఆర్15 – 627 మి.మీ.
195/60ఆర్15 – 615 మి.మీ.
225/50ఆర్15 – 606 మి.మీ.

మొదటి రెండిటితో తేడా ఒక శాతం చుట్టూ ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు. చివరిది వేస్తే మీటరు 100 చూపించినప్పుడు కారు వెళ్ళేది దాదాపు 96. హైవే మీద ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది, కారు నేలకు 14 మి.మీ. దగ్గరవుతుంది. మీటరు సరిచేయాలంటే గేరుబాక్సులో మీటరు కేబుల్ కొసన ఉండే చిన్న ప్లాస్టిక్ పళ్ళచక్రాన్ని వేరే పళ్ళ సంఖ్య ఉన్నదానితో మార్చుకోవచ్చు. మా సలహా 205/60ఆర్15. మడ్‌గార్డు లోపల ఖాళీ కనపడదు, కారు ఆకారం చెడదు.

పాత చక్రాలతో పాటు వచ్చిన టైర్లను వాడొద్దు. పక్కగోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. మూడంకెలే ఉంటే అది 2000కు ముందు తయారైన టైరు. అరగకపోయినా రబ్బరు చచ్చిపోయి ఉంటుంది.

ఉక్కు రిమ్ముల నట్లే అలాయ్‌కి వాడొచ్చా?

ఇక్కడ పొరపాటు జరిగితే చక్రమే ఊడిపోవచ్చు కాబట్టి దీన్ని తీరిగ్గా చదవండి.

నట్టు చక్రాన్ని పట్టుకునే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది ఏటవాలు గూడు: నట్టు మూతి శంకువులా ఉంటుంది, చక్రం రంధ్రంలో అదే కోణంలో గూడు ఉంటుంది. నట్టు బిగుస్తున్న కొద్దీ చక్రాన్ని నడుమకు లాక్కుంటుంది. రెండోది గొట్టం నట్టు: నట్టు కింద తిన్నని గొట్టం ఉంటుంది, అది రంధ్రంలోకి దిగుతుంది. బిగింపు బలం పడేది పైనున్న వాషర్ మీద. ఆ కాలపు అమెరికన్ చక్రాల్లో చాలావాటికి గొట్టం నట్లే కావాలి. ఏటవాలు నట్టును తిన్నని రంధ్రంలో పెడితే అంచు మీద గీతంత చోట మాత్రమే ఆనుతుంది. నాలుగు రోజుల్లో మెత్తటి అలాయ్‌ని తినేసి లూజవుతుంది.

గొట్టం నట్టు ఎందుకు పుట్టిందంటే, అలాయ్ చక్రం హబ్ దగ్గర ఉక్కు రేకు కంటే చాలా మందంగా ఉంటుంది. కారు స్టడ్‌లు పొట్టివి. మామూలు నట్టు వాటి కొసను మాత్రమే అందుకుంటుంది. గొట్టం లోపల కూడా మర ఉంటుంది కాబట్టి అది రంధ్రంలోకి దిగి స్టడ్‌ని మొదటి నుంచీ పట్టుకుంటుంది.

గొట్టం పొడవు చాలా ముఖ్యం. రంధ్రం లోతుకు వాషర్ మందం కలిపితే వచ్చేదానికన్నా గొట్టం కనీసం 2 మి.మీ. పొట్టిగా ఉండాలి. పొడవుగా ఉంటే గొట్టం కొస వెళ్ళి డ్రమ్ముకు తగిలి ఆగిపోతుంది. టార్క్ రెంచ్ క్లిక్‌మంటుంది, నట్టు గట్టిగానే ఉంటుంది, చక్రం మాత్రం వదులుగా ఉంటుంది. అనుమానముంటే నట్టు విప్పి గొట్టం కొస చూడండి. అక్కడ ఉంగరంలా మెరిసే కొత్త గీత కనిపిస్తే అది డ్రమ్మును తాకింది. డ్రమ్ము మీద కూడా స్టడ్ చుట్టూ అలాంటి గుండ్రటి మచ్చే ఉంటుంది.

మర ఎంత ఎక్కాలి అంటే కనీసం స్టడ్ వ్యాసమంత, అంటే 12 మి.మీ. వేళ్ళతో తిప్పి లెక్కపెడితే దాదాపు పది చుట్లు. మూసిన తల నట్టయితే స్టడ్ కొస దాని తలకు తగలకూడదు. పొడవు స్టడ్‌లు వేసిన కార్లలో ఇదొక ప్రమాదం.

నట్టు కొంచెం వదులుగా ఎక్కుతోంది, పర్వాలేదా?

అస్సలు వద్దు. అమెరికన్ అర అంగుళం నట్టు పిచ్ 1.27 మి.మీ., మన స్టడ్ పిచ్ 1.25. పిచ్ దాదాపు ఒకటే కావడంతో అర అంగుళం నట్టు 12 మి.మీ. స్టడ్ మీద సాఫీగా జారుకుంటూ వెళ్తుంది. 0.7 మి.మీ. పెద్దది కాబట్టి మర కొసలను మాత్రమే పట్టుకుంటుంది. కొంత బిగుస్తుంది కూడా, తర్వాత ఒక్కసారిగా మర ఊడి వస్తుంది. పాత చక్రాలతో పాటు సంచిలో వచ్చే నట్లు తరచుగా ఇవే. 1.5 పిచ్ నట్టయితే రెండు మూడు చుట్లకే బిగుసుకుని తన తప్పు తానే చెప్తుంది. అర అంగుళం నట్టు చెప్పదు. వేళ్ళతో ఎక్కించి అటూ ఇటూ ఊపి చూడండి. గలగలలాడితే పక్కన పడేయండి.

మా చక్రాల రంధ్రాలు కోలగా ఉన్నాయి. పాడైపోయాయా?

కాదు. 1970లలో అమెరికన్ కంపెనీలు ఒకే చక్రం చాలా కార్లకు పట్టేలా కోల రంధ్రాలతో పోతపోసేవి. వాటికి నడుమ కాకుండా పక్కకు రంధ్రమున్న కోల వాషర్లు వస్తాయి. వాషర్ రంధ్రం బయటివైపుకు తిప్పితే పెద్ద వృత్తం, లోపలికి తిప్పితే చిన్న వృత్తం. నాలుగు వాషర్లూ ఒకే దిక్కుకు, అంటే అన్నీ బయటికో అన్నీ లోపలికో ఉండాలి. ఒక్కటి తిరగబడినా చక్రం నడుమ నుంచి తప్పుకుని ఊగుతుంది. ఆ వాషర్లు లేకుండా, బజారులో దొరికే గుండ్రటి వాషర్లతో ఈ చక్రాలు బిగించొద్దు.

మెగ్నీషియమో అల్యూమినియమో ఎలా గుర్తుపట్టాలి?

ఎత్తి చూస్తేనే తెలుస్తుంది, మెగ్నీషియం బరువు అల్యూమినియంలో మూడింట రెండు వంతులే. ఖాయం చేసుకోవాలంటే లోపలివైపు కనపడని చోట రంగు గీకి, ఒక చుక్క వెనిగర్ వేయండి. మెగ్నీషియమైతే నురగ కడుతుంది. పరీక్ష అవగానే నీళ్ళతో కడిగి, తుడిచి, ఆ చోటుకు రంగు వేసేయండి.

ఇదే కారు కుటుంబంలోని ఫెయిర్‌లేడీ జెడ్432కి కోబే సెయికో మెగ్నీషియం చక్రాలు ఇచ్చేవారు. అంటే ఆ లోహం ఈ కారుకు కొత్తేమీ కాదు. అయితే యాభై ఏళ్ళు దాటిన మెగ్నీషియం చక్రాన్ని రోజూ తిరిగే కారుకు బిగించడం మంచిది కాదని మా గట్టి అభిప్రాయం. తేమకు లోపల్నుంచే తినేస్తుంది. పైన రంగు బాగానే కనిపిస్తుంది, కింద తెల్లటి పొడి పేరుకుంటుంది. ఉక్కు తగిలిన చోట ఈ తినడం ఇంకా వేగంగా సాగుతుంది. వాటిని ప్రదర్శనకు ఉంచుకుని, తిరగడానికి అల్యూమినియం జత పెట్టుకోండి.

మెగ్నీషియాన్ని గ్రైండర్‌తో రుద్దితే వచ్చే పొడి అంటుకుంటుంది. అంటుకున్నాక నీళ్ళు పోస్తే మంట పెరుగుతుంది. పొడి ఇసుకే పోయాలి.

పాత చక్రాలు కొనేముందు ఏం చూడాలి?

ముందు వెనక్కి తిప్పి చూడండి. ముఖం మెరుగుపెట్టి అమ్ముతారు, అసలు కథ వెనక ఉంటుంది. హబ్‌కి ఆనే ముఖం చదునుగా ఉందా, నట్ల గూళ్ళు గుండ్రంగా ఉన్నాయా, ఆకు హబ్‌ని కలిసే మూలలో సన్నటి గీతలున్నాయా చూడాలి. కంటికి కనపడని పగుళ్ళకు ఎర్రటి డై పరీక్ష చేయించండి. ద్రవం పూసి, కాసేపాగి, తుడిచి, తెల్లటి డెవలపర్ చల్లితే పగులున్న చోట ఎర్ర గీత తేలుతుంది. రంగు పూర్తిగా తీసేశాకే ఈ పరీక్ష పనిచేస్తుంది.

హబ్ దగ్గర గానీ ఆకు మీద గానీ పగులుంటే ఆ చక్రం గోడకు తగిలించుకోవడానికే. వెల్డింగ్ చేసి ఇస్తామంటారు. ఆ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది, పగులు పక్కనే మళ్ళీ వస్తుంది. బయటి అంచుకు చిన్న సొట్ట ఉంటే మాత్రం అనుభవమున్నవాళ్ళు సరిచేయగలరు.

సొట్ట తెలియాలంటే చక్రాన్ని హబ్‌కి బిగించి, డయల్ గేజ్ పెట్టి నెమ్మదిగా తిప్పండి. పక్కకైనా పైకీకిందకైనా 1 మి.మీ. దాటకపోతే బ్యాలెన్సింగ్‌తో సర్దుకుంటుంది.

పౌడర్ కోటింగ్ చేయించొచ్చా?

అల్యూమినియానికి ఒకసారి చేయించొచ్చు. పౌడర్ దాదాపు 200 డిగ్రీల వద్ద కాసేపు కాలుతుంది, దానికి పెద్ద నష్టం లేదు. అసలు ముప్పు పాత రంగు తీసేటప్పుడు. కొన్ని షాపుల్లో 400 డిగ్రీల కొలిమిలో పెట్టి పాత రంగు కాల్చేస్తారు. ఆ వేడికి పోత చక్రానికి ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం పోతుంది. రసాయనంతోనే తీయమని రాయించుకోండి. నట్ల గూళ్ళలోనూ హబ్ ముఖం మీదా పౌడర్ పడకుండా మూయించండి. ఆ పూత బిగింపు కింద నలిగిపోయి నట్లు లూజవుతాయి.

గాలి నిలవడం లేదు. ట్యూబు వేయాలా?

ముందు సబ్బునీళ్ళు పట్టించి ఎక్కడ కారుతోందో చూడండి. పోత అలాయ్‌లో సన్నటి రంధ్రాలుంటే రిమ్ము గోడ మీదే బుడగలు వస్తాయి. లోపలివైపు శుభ్రం చేసి ఎపాక్సీ పూత వేస్తే ఆగుతుంది. వాల్వు చుట్టూ కారితే రంధ్రం కొలవండి. 11.3 మి.మీ. రంధ్రానికి ఒక సైజు వాల్వు, 15.7 రంధ్రానికి ఇంకో సైజు ఉంటాయి, ఒకదాంట్లో ఒకటి నిలవదు. చాలా పాత రిమ్ములకు టైరు అంచును పట్టి ఉంచే గట్టు ఉండదు. గాలి తగ్గినప్పుడు మలుపులో టైరు లోపలికి జారిపోతుంది. అలాంటి రిమ్ములకు రేడియల్ టైర్లకు సరిపడే ట్యూబు వేసి, వారానికోసారి గాలి చూడాలి.

బిగించే క్రమం చెప్పండి.

స్టడ్‌ల మర తీగ బ్రష్‌తో శుభ్రం చేయండి. నూనె గానీ గ్రీజు గానీ రాయొద్దు. నూనె రాసిన మర మీద అదే టార్క్‌కు స్టడ్ ఎక్కువ సాగుతుంది. హబ్, డ్రమ్ము ముఖాల మీది తుప్పు గీకేయండి. ఉక్కూ అలాయ్ తేమలో అతుక్కుపోతాయి కాబట్టి హబ్ ముఖానికి మాత్రం పలచగా యాంటీ సీజ్ పూయొచ్చు. అది స్టడ్‌లకు తగలకూడదు.

చక్రం ఎక్కించి నాలుగు నట్లూ వేళ్ళతో తిప్పండి, తర్వాత పానాతో ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. జాకీ దించి, టైరు నేలకు ఆనాక టార్క్ రెంచ్‌తో రెండు విడతలుగా, మొదట 50, తర్వాత 80 నుంచి 85 న్యూటన్ మీటర్లకు బిగించండి. కంపెనీ మాన్యువల్ చెప్పేది 8 నుంచి 9 కిలోగ్రామ్ మీటర్లు, అంటే 78 నుంచి 88. గాలితో కొట్టే ఇంపాక్ట్ గన్ వద్దు. వాషర్ కింద అలాయ్ అణగడం మామూలే కాబట్టి 80 కిలోమీటర్లు తిరిగాక చల్లారిన చక్రాల మీద మళ్ళీ చూడండి, ఆ తర్వాత ఇంకోసారి. రెండుసార్లు చూసినా నట్టు కదులుతూనే ఉంటే ఎక్కడో ఆనాల్సింది ఆనడం లేదు.

టైరు ఎక్కడ ఒరుసుకుంటుంది?

ముందు: స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, బంపరు కింది రేకు మడ్‌గార్డుతో కలిసే మూలలో. వెనక బయట: మడ్‌గార్డు లోపలికి మడిచిన అంచుకు. వెనక లోపల: స్ప్రింగు కూర్చునే పళ్ళేనికి. లోపల 6 మి.మీ. కంటే తక్కువ సందు పనికిరాదు.

ఊహించకుండా చూసుకునే పద్ధతి: స్ట్రట్ నుంచి స్ప్రింగు తీసి, చక్రం బిగించి, జాకీతో పూర్తిగా పైకి లేపండి. అప్పుడు నిజమైన హద్దు కనిపిస్తుంది. ముందు చక్రాలను ఆ స్థితిలోనే రెండు వైపులా తిప్పండి. కుడిఎడమలు విడివిడిగా కొలవాలి. ఇన్నేళ్ళలో దెబ్బతిని, రేకు మారిన బాడీల్లో రెండు వైపులా ఒకేలా ఉండవు.

వెనక అంచు తగిలితే దాన్ని కోయొద్దు. అది బయటి రేకునూ లోపలి రేకునూ కలిపే అతుకు. వేడిగాలితో రంగు మెత్తబరిచి, రోలర్‌తో నాలుగైదు దఫాలుగా లోపలికి మడవాలి. తర్వాత అతుకులో సీలెంట్ నింపాలి. లేకపోతే ఈ కారుకు తుప్పు అక్కడే మొదలవుతుంది.

స్పేసర్ వేయొచ్చా?

3 మి.మీ. బిళ్ళ కూడా మరలో రెండు చుట్లకు పైగా తినేస్తుంది. పొడవు స్టడ్‌లు వేయకుండా ఏ స్పేసరూ వద్దు.

80 నుంచి 100 వేగంలో స్టీరింగ్ వణుకుతోంది.

పాత చక్రాల నడుమ రంధ్రాన్ని చాలాసార్లు కచ్చితంగా తరిమెన పట్టి ఉండరు. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద శంకువుతో ఆ రంధ్రాన్ని ఆసరాగా తీసుకుంటే లెక్కే తప్పుతుంది. కారు మీద చక్రం నిలిచేది నట్ల మీద. కాబట్టి నట్ల రంధ్రాల్లో వేళ్ళు దూర్చే అడాప్టర్ ఉన్న షాపుకే వెళ్ళండి. అంటించే బరువులు లోపల బ్రేక్ క్యాలిపర్‌కు తగలకుండా చూడమని చెప్పండి. అయినా వణికితే చక్రాలను వదిలి ముందు బేరింగ్ ఆట, స్టీరింగ్ ర్యాక్ బుష్‌లు, టెన్షన్ రాడ్ బుష్‌లు చూడండి. ఎండిపోయిన బుష్ ఇచ్చే వణుకు అచ్చం ఇలాగే ఉంటుంది.

పెద్ద బ్రేకులు వేసుంటే?

ఆకుల వెనక, రిమ్ము లోపల క్యాలిపర్‌కు కనీసం 3 మి.మీ. సందు ఉండాలి. వ్యాసం ఒకటే అయినా రెండు రకాల 14 అంగుళాల చక్రాల లోపలి ఆకారం ఒకేలా ఉండదు. క్యాలిపర్ మీద అక్కడక్కడా బంకమట్టి ముద్దలు పెట్టి చక్రం ఎక్కించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, తీసి ముద్ద మందం కొలవండి.

స్పేర్ చక్రం సంగతి?

డిక్కీ అడుగున గుంత సన్నటి అసలు టైరు కోసం చేసింది. వెడల్పు టైరు పెడితే పైన పలక ఎత్తుగా నిలుస్తుంది. అందుకే చాలామంది అసలు ఉక్కు రిమ్మునే స్పేర్‌గా ఉంచుకుంటారు, అది సరైన పనే. కానీ అలాయ్‌కి వాడే గొట్టం నట్లు ఆ ఉక్కు రిమ్మును పట్టలేవు, గొట్టం డ్రమ్ముకు తగిలి ఆగిపోతుంది. అసలు ఏటవాలు నట్లు నాలుగు ఒక గుడ్డ సంచిలో కట్టి, జాకీ పక్కనే పెట్టండి.